దస్తీ పడ్డ సీటు

మా ముత్తాత దేశ్‌ముఖ్. కీసర అవతలి ఊళ్ళ శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత కూర్చున్న గదిలోకి తహసీల్దారు సైతం చెప్పులు బయట విడిచి వచ్చేవాడని, కూర్చోమనే దాకా నిలబడే ఉండేవాడని మా ఇంట్లో చెప్పేవారు. గొప్పగా చెప్పేవారు కాదు. నిన్న వాన పడిందని చెప్పినట్టు చెప్పేవారు. మా నాన్న కాలానికి పంపకాలు, కోర్టులు, సీలింగు చట్టం అన్నీ వచ్చి వెళ్ళాయి. నా దాకా వచ్చినవి ఇంటిపేరు, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు, మా మేనత్త.

మేనత్త మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చింది. ఆ పుట్టిల్లు కూడా పోయాక నాతో ఉప్పల్ వచ్చింది. అద్దె పోర్షన్‌లో మాకు రెండు గదులు. వీధి వైపు గది ఆమెది. అక్కడ కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చుని, కింద కూరగాయల బండివాడితో కోటలాంటి మా పాత గడీ మెట్ల మీద నుంచి మాట్లాడినట్టు మాట్లాడేది. బండివాడు ఆమెకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. నన్ను పెంచింది ఆమే. మా తాతను 'నాయినా' అని పిలిచిన గొంతుల్లో మిగిలింది అదొక్కటే. ఆ గొంతు గురించి, దాని పక్కన పెట్టిన ఒక యంత్రం గురించి రాస్తున్నాను.

ఆ యంత్రం మేము చేసిందే. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో మా కంపెనీ ఉండేది. ఆసుపత్రి మంచం పక్కన పెట్టే మానిటర్లు తయారుచేసి, ఇటు నాగారం నుంచి అటు బోడుప్పల్ దాకా చిన్న చిన్న నర్సింగ్ హోములకు ఇచ్చేవాళ్ళం. రోగి వేలికి ఒక క్లిప్పు పెడతారు. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో అంకె తెర మీద కనిపిస్తుంది. పడిపోతే అలారం మోగుతుంది. యంత్రంలో అన్నిటికన్నా అడుగున ఉండే ప్రోగ్రాం మా భాగం. అందులో కొంత అసెంబ్లీలో ఉంటుంది, అంటే ప్రాసెసర్‌కు దాని సొంత భాషలో ఒక్కొక్క ఆజ్ఞ చొప్పున రాసింది.

అక్కడ ఒక చిక్కు ఉంది. మానిటర్ లోపల ఒకేసారి కొన్ని పనులు నడుస్తుంటాయి. ఒకటి క్లిప్పు నుంచి అంకె తెస్తుంది, ఒకటి తెర మీద రాస్తుంది, ఒకటి అలారం చూసుకుంటుంది. ఇప్పుడు వంతు ఎవరిదో చెప్పడానికి మెమరీలో అందరికీ ఉమ్మడిగా ఒక గడి ఉంటుంది. ఆ గడిని ఒకరు చదివి, మార్చి, తిరిగి రాసేలోపు ఇంకొకరు మధ్యలో చెయ్యి పెట్టకూడదు. చదవడం, మార్చడం, రాయడం కలిసి ముక్కలు చేయరాని ఒకే పనిగా జరగాలి. దాన్ని అటామిక్ అంటారు. మా ప్రాసెసర్‌లో అందుకు రెండు ఆజ్ఞలు ఉన్నాయి. మొదటిది గడిని చదువుతూ దాని మీద ఒక గుర్తు వేస్తుంది. రెండోది ఆ గుర్తు చెదరకుండా ఉంటేనే రాస్తుంది. మధ్యలో ఎవరైనా ముట్టుకుని ఉంటే రాయదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ భాగం రాసింది జనగామ వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. నాకంటే చాలా చిన్నది, అసెంబ్లీలో నాకంటే దిట్ట. నేను చేరిన కొత్తలో దాన్ని నాకు ఇలా వివరించింది.

"గిండ్ల ఏం లేదు సార్. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ బస్సాగితె ఏం జేస్తరు? కిటికీలకెల్లి సీటు మీద దస్తీ ఏస్తరు. గది మొదటి ఆర్డర్. ఎన్క డోర్లకెల్లి ఎక్కి వచ్చేసరికి దస్తీ గట్లనె ఉన్నదా, కూసుంటరు. గది రెండోది. ఎవలన్న దస్తీ జరిపిన్రా, ఇగ మల్ల దిగి మల్ల ఏసుడే."

"నేను దస్తీ వెయ్యను," అన్నాను.

"ఎరుకే. నిలవడే వస్తరు గద రోజూ." ఆమె నవ్వింది. "మా తాత మీ తాతల ముంగట చెప్పులు చేతుల వట్టుకొని నడిసిండట సార్. ఇయ్యాల మీరు నా కోడ్ ముట్టనీకి నా పర్మిషన్ అడగాలె. కాలం మస్తు సిత్రం ఉంటది."

నేను నవ్వలేదు. కానీ ఆమె అన్నది నిజం, నేను పర్మిషన్ అడిగేవాణ్ణి. దస్తీ అంటే చేతిరుమాలు. కోడ్‌లో ఆ రెండు ఆజ్ఞల పక్కన ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో దస్తీ, సీటు అనే పేర్లు పెట్టింది. షెడ్డులో అందరి నోటా అవే మాటలు. "దస్తీ పడ్డదా?" "పడ్డది, సీటు దొరకలే." బయటివాడు వింటే మేము ట్రావెల్స్ వాళ్ళమనుకునేవాడు.

ఇంకొక్క విషయం చెబితే ముందుకు వెళ్ళవచ్చు. అడుగున ఉన్న మా ప్రోగ్రాం ముట్టుకునే ఆ గడి తనది కాదు, తెరను, బటన్లను నడిపే పైనున్న ప్రోగ్రాంది. ఒక్కోసారి ఆ చిరునామాలో అసలు మెమరీ ఉండకపోవచ్చు. ఉన్నా ముట్టుకోనివ్వకపోవచ్చు. అప్పుడు ప్రాసెసర్ పని ఆపి కేక వేస్తుంది. ఆ కేకకు జవాబు ముందుగానే రాసిపెట్టి ఉండాలి: ఫలానా ఆజ్ఞ దగ్గర తప్పు జరిగితే ఫలానా చోటికి వెళ్ళు, పని కాలేదని చెప్పి వెనక్కి రా. ఆ జవాబుల పట్టికను మేము వాపసు పట్టిక అనేవాళ్ళం. పట్టికలో లేని ఆజ్ఞ దగ్గర తప్పు జరిగిందంటే, యంత్రం అది తనలోనే వచ్చిన రోగం అనుకుంటుంది. వంతు చేతిలో పట్టుకునే కూలబడిపోతుంది. ఆ వంతు కోసం మిగతావన్నీ ఎదురుచూస్తూ ఉండిపోతాయి.

వానలు మొదలైన వారంలో మేనత్తకు ఆయాసం ఎక్కువైంది. నాచారం మెయిన్ రోడ్డు లోపలి వీధిలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాను. మా షెడ్డు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, వేలికి క్లిప్పు పెట్టారు. మంచం పక్కన మా మానిటర్. దాన్ని చూసి నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు దాచిపెట్టడం అనవసరం.

"ఏమ్‌రా, మనిషి మొఖం సూసుడు బంద్ జేసి డబ్బ మొఖం సూస్తున్నవ్?" అంది మేనత్త.

"ఇది మేమే జేసినం అత్తమ్మా."

"మరి నీ పేరేది దీని మీద?"

"పేర్లు రాయరు అత్తమ్మా."

"మీ తాత తొవ్వల బాయి తవ్విస్తె దాని మీద గూడ పేరు చెక్కిచ్చిండు," అని కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఊపిరితిత్తులు బాగా అలిసిపోయాయని, ఉన్నట్టుండి ఆక్సిజన్ పడిపోవచ్చని చెప్పింది. పడిన వెంటనే తెలిస్తే మాస్కు మార్చి, ఇంజెక్షన్ ఇచ్చి లేపుకోవచ్చు. ఆలస్యమైతే చెప్పలేను అంది. "మానిటర్ ఉంది కదండీ, అదే మనకు కన్ను," అంది.

మూడో రోజో నాలుగో రోజో, మధ్యాహ్నం భోజనం వేళ నేను వెళ్ళేసరికి మేనత్త నిద్రపోతోంది. తెర మీద తొంభై నాలుగు అని ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి దుప్పటి సరిచేయబోతే వేలి క్లిప్పు దుప్పటి మడతలో దొరికింది. అది వేలికి లేదు. ఎప్పుడో ఊడిపోయింది. క్లిప్పు ఊడితే అంకె పోయి గీతలు రావాలి, అలారం మోగాలి. తెర మీద తొంభై నాలుగు అలాగే ఉంది. కింద నాడి తరంగం కొండలూ లోయలుగా గీసిన బొమ్మలా ఒకేచోట ఆగి ఉంది.

క్లిప్పును అరచేతిలో పట్టుకుని ఆ అంకెను చూశాను. గుడ్డ మడతకు తొంభై నాలుగు శాతం ఆక్సిజన్.

నర్సును పిలిచాను. ఆమె తెర వైపు చూసి, ఏమంత ఆశ్చర్యపోకుండా వెనకనున్న స్విచ్ నొక్కింది.

"అప్పుడప్పుడు గట్లనే ఐతది సార్. బంద్ జేసి మల్ల చాలూ జేస్తం. ఏం ఫికర్ లేదు."

"అప్పుడప్పుడు అంటె? ఎవరికైన చెప్పిన్రా?"

"మీ కంపెనీ నంబర్‌కి చెప్పినం గద సార్. బంద్ జేసి చాలూ జెయ్యుమన్నరు."

యంత్రం మళ్ళీ లేచింది. క్లిప్పు వేలికి పెడితే ఎనభై తొమ్మిది చూపించింది, తర్వాత నెమ్మదిగా పైకి పోయింది. మేనత్త నిద్రలోనే ఉంది. ఆ రోజు నుంచి నేను తెరను చూడటం మానేసి ఆమె ఛాతీని చూడటం నేర్చుకున్నాను.

వేరే చోటికి మారుద్దామంటే ఈ స్థితిలో కదిలించవద్దని డాక్టరమ్మ అంది. ఆ వార్డులో ఉన్నవన్నీ మా మానిటర్లే. పొద్దున నేను కూర్చునేవాణ్ణి, మధ్యాహ్నం వచ్చేవాణ్ణి, సాయంత్రం కూర్చునేవాణ్ణి. మధ్యలో గంటలన్నీ ఆ తెర చేతిలో ఉండేవి.

మా యజమానికి చెప్పాను. ఆయనది కోస్తా, ఇల్లు ఏఎస్ రావు నగర్‌లో. ఎప్పుడూ మర్యాద తప్పని మనిషి. కంపెనీని అమ్మకానికి పెట్టి ఉన్నాడని షెడ్డులో అందరికీ తెలుసు.

"అయ్యో, అత్తగారికా? ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నాడు. తర్వాత, "అదే పనిగా వస్తోందా? మన బల్ల మీద ఒక్కసారి రప్పించి చూపించండి, చూద్దాం. కొనేవాళ్ళు వచ్చి వెర్షన్ చూసుకుంటున్నారు. ఊరికే ఫీల్డ్ కంప్లైంట్ అని రాతలోకి తేకండి. మీరు పెద్దింటివారు, మీకు నేను చెప్పాలా?"

జనగామ ఇంజనీరు, నేను బల్ల మీద ఒక మానిటర్ పెట్టి దాన్ని ఎన్ని రకాలుగా హింసించామో చెప్పలేను. అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగిన యంత్రం కూడా తాను ఎందుకు ఆగిందో ఎక్కడా రాసి పెట్టదు, ఎందుకంటే రాసే పనీ వంతు కోసం ఎదురుచూసేదే. యంత్రం ఆగితే తిరిగి లేపడానికి ఒక చిన్న కాపలా చిప్ ఉంటుంది. దానికి అంతా బాగానే ఉందని సంకేతం పంపే గడియారానికి ఎవరి వంతుతోనూ పని లేదు. కింద అంతా ఆగిపోయినా అది కొట్టుకుంటూనే ఉంటుంది. ఇంట్లో శవం ఉండగా గేటు దగ్గర కాపలావాడు అంతా క్షేమం అని చెబుతున్నట్టు.

"కోడ్ మంచిగనే ఉన్నది సార్," అనేది ఆమె. "దస్తీ కాడ వాపసు ఉన్నది. దస్తీ పడకపోతె ఎన్కకొస్తది. దస్తీ పడ్డదంటె బస్సున్నట్టే, సీటున్నట్టే. ఇంకేం తప్పైతది?"

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. చదవగలిగిన గడి ఉన్నట్టే కదా. ఉన్నదాంట్లో రాయలేకపోవడం ఏమిటి?

ఒక పొద్దున ఉప్పల్‌లో ఎప్పటిలాగే బస్సు ఎక్కి, ఎప్పటిలాగే కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా చేశాక బస్సులో మగవాడికి సీటు దొరకడం అదృష్టం. రింగ్ రోడ్డు దగ్గర ఆగగానే ముందు కిటికీలోంచి ఒక గళ్ళ దస్తీ వచ్చి ఖాళీ సీటు మీద పడింది. దాని యజమాని వెనక నుంచి ఎక్కి, అందర్నీ తోసుకుంటూ ముందుకు వచ్చేసరికి ముందు డోరు నుంచి ఎక్కిన ఒకావిడ ఆ సీట్లో కూర్చుని ఉంది. దస్తీ ఆమె చేతిలో ఉంది.

"అక్కా, గది నా దస్తీ."

"నీదేనయ్యా, ఎవలు గాదన్నరు? ఇగో తీస్కో."

"దస్తీ కాదక్కా, సీటు. ముందుగాల ఏసిన నేను."

"పైన ఏం రాసిన్రు సదువు. ఆడోళ్ళ సీటు మీద దస్తీ ఏస్తె నీదైతదా?"

"కిటికీలకెల్లి పడ్డది గద మరి!"

"కిటికీలకెల్లి కాకి గూడ వస్తది. దానికి గూడ టికెట్ కొడ్తరా?"

బస్సంతా నవ్వింది. అతను కూడా చివరికి నవ్వి, దస్తీ మడిచి జేబులో పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. "ఖాళీగనె కనవడ్డదన్నా," అన్నాడు నాతో, నేనేదో తీర్పు చెప్పేవాణ్ణన్నట్టు. నేను ఆ సీటు వైపే చూస్తున్నాను. దస్తీ పడింది. సీటు ఉంది. ఎవరూ దస్తీని జరపలేదు. అయినా అతను కూర్చోలేడు.

షెడ్డులోకి వెళ్ళి నిలబడే చెప్పాను. జనగామ ఇంజనీరు ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసి, వాపసు పట్టిక తెరిచింది. అందులో దస్తీకి ఒక వరుస ఉంది. సీటుకు లేదు. రెండు ఆజ్ఞలు ఉన్నచోట రెండు వరుసలు ఉండాలి. రాసినప్పుడు ఎవరికీ అది లోటని తోచలేదు, ఎందుకంటే మా అందరి మనసుల్లో దస్తీ పడ్డాక సీటు గురించి అడిగే ప్రశ్నే లేదు. వేరే పేర్లు పెట్టుకుని ఉంటే బహుశా కనిపించేదేమో.

"చదవనిచ్చి రాయనియ్యని గడి ఏడికెల్లొస్తది సార్ మన దాంట్ల?" అంది ఆమె, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత తనే, "గ్రాఫ్," అంది.

మానిటర్ మీద గ్రాఫ్ అనే బటన్ ఉంటుంది. నొక్కితే గడిచిన గంటల అంకెలన్నీ గీతగా వస్తాయి. ఆ గీత గీయడానికి పైనున్న ప్రోగ్రాం తనలాంటిదే ఇంకొకదాన్ని పుట్టిస్తుంది. పుట్టిన క్షణంలో రెండింటికీ మెమరీ ఒకటే. అది పంచుకోని ఆస్తి వంటిది. ఇద్దరూ చూడవచ్చు, పంపకం అయ్యేదాకా ఎవరూ మార్చకూడదు. ఎవరో ఒకరు రాయబోయినప్పుడే పంపకం జరుగుతుంది. ఈ ఏర్పాటు నాకు ఎవరూ వివరించాల్సిన పని లేదు, నేను అలాంటి ఇంట్లోనే పుట్టాను. మామూలుగా ముందు రాసేది పై ప్రోగ్రామే, కాబట్టి పంపకం గొడవ లేకుండా జరిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి, గ్రాఫ్ నొక్కిన మరుక్షణంలో, పై ప్రోగ్రాం కన్నా ముందు అడుగున ఉన్న మా ప్రోగ్రాం ఆ గడిలో రాయబోతుంది. దస్తీ పడుతుంది. సీటు ఇవ్వరు. పట్టికలో ఆ వరుస లేదు.

ఆ ఒక్క క్షణపు సందును కావాలని వెడల్పు చేసి, బల్ల మీద మానిటర్‌లో గ్రాఫ్ నొక్కాం. ఆగింది. క్లిప్పు నా వేలి నుంచి తీసేశాను. తొంభై ఎనిమిది చూపిస్తూనే ఉంది.

ఆమె పట్టికలో సీటుకు ఒక వరుస చేర్చింది. తప్పు జరిగితే వెనక్కి వచ్చి, పంపకం చేయించి, మళ్ళీ దస్తీ వేస్తుంది. తర్వాత ఎన్నిసార్లు గ్రాఫ్ నొక్కినా తెర ఆగలేదు. క్లిప్పు తీయగానే అరిచింది. అంత మంచి అరుపు నేను వినలేదు.

యజమానికి బల్ల మీద చూపించాం. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"భేష్. చాలా బాగుందండీ. నెక్స్ట్ వెర్షన్‌లో పెడదాం."

"ఇప్పుడే పెట్టాలి," అన్నాను.

"సీలు చేసిన వెర్షన్ అండీ. కొనేవాళ్ళు చూసింది అదే, ధర కట్టింది దానికే. ఇప్పుడు వేలు పెడితే మళ్ళీ మొదటి నుంచి పరీక్షలంటారు. ఎందుకు మార్చారని అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"నిజం చెప్పండి."

"ఒక్క నెల ఆగండి," అన్నాడు. "అంతవరకు గ్రాఫ్ నొక్కవద్దని చెబితే సరిపోతుంది కదండీ."

"గట్లని అందరికీ రాసి పంపుదమా సార్ మరి?" అంది జనగామ ఇంజనీరు. ఆయన ఆమె వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే నేను డాక్టరమ్మ దగ్గర కూర్చుని దాచకుండా చెప్పాను. ఆమె విని చాలాసేపు పెన్ను తిప్పింది. "మీ అత్తగారి మంచం దగ్గరిది మార్చుకోండి, అది మీ బాధ్యత," అంది. "మిగతావి కంపెనీ కాగితం లేకుండా నేను ముట్టనివ్వలేను. రేపు ఏమైనా జరిగితే నన్ను అడుగుతారు." ఆమెను తప్పు పట్టలేను. ఆ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. గ్రాఫ్ నొక్కవద్దని మాత్రం నర్సులందరికీ చెబుతానంది. కంపెనీకి కూడా రాస్తానంది.

మెమరీ కార్డు పెట్టి మేనత్త మంచం దగ్గరి మానిటర్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. క్లిప్పు తీసి చూశాను. అరిచింది.

"ఎందుకురా దాన్ని ఏడిపిస్తవ్?" అంది మేనత్త కళ్ళు తెరవకుండా.

"ఇప్పుడు అది అబద్ధం చెప్పదు అత్తమ్మా."

"ఇన్ని దినాలు చెప్పిందా?"

క్లిప్పు తిరిగి వేలికి పెట్టాను. ఆమె వేళ్ళు సన్నగా, చల్లగా ఉన్నాయి. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను.

మర్నాడు షెడ్డులో పని ఎక్కువగా ఉంది. కొనేవాళ్ళు వచ్చారు. నన్ను కూడా కూర్చోబెట్టారు. యజమాని వాళ్ళకు నన్ను ఫలానా వంశం వారని పరిచయం చేశాడు. వాళ్ళు మర్యాదగా తలలు ఊపారు. మధ్యాహ్నం భోజనం వేళ దాటాక నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాను.

మేనత్త మంచం మీద ఎవరో నడివయసు మనిషి పడుకుని ఉన్నాడు. అతని పక్కన నేను మార్చిన మానిటర్ నెమ్మదిగా అతని అంకెలు చూపిస్తోంది.

"అమ్మ గోడ దిక్కు మంచానికి మారింది సార్," అంది నర్సు, వేరే రోగికి సెలైన్ పెడుతూ. "వచ్చిన కాన్నుంచి ఒకటే చెప్తున్నది, తల ఉత్తరం దిక్కు వెట్టి పండుకోనని. శవాన్ని పండవెట్టినట్టు పండవెట్టిన్రని నన్ను తిట్టింది. పొద్దున గా మంచం ఖాళీ అయింది. ఇగ ఊకుంటదా? 'నేనెవరి బిడ్డనో ఎరుకేనా నీకు' అన్నది. మార్చినం. ఇప్పుడు హాయిగ పండుకున్నది."

గోడ వైపు మంచం మీద మేనత్త తల దక్షిణానికి పెట్టుకుని పడుకుని ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది. పక్కన మానిటర్ మీద తొంభై మూడు అని ఉంది. తెర మీద గ్రాఫ్ సగం గీసి ఆగి ఉంది. రౌండ్‌కు వచ్చిన కొత్త డ్యూటీ డాక్టరు పొద్దుటి నుంచి అంకెలు ఎలా ఉన్నాయో చూడటానికి నొక్కాడట. చూడటం అతని పని. గ్రాఫ్ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

నేను తెరను చూడలేదు, ఛాతీని చూశాను. తర్వాత చెయ్యి పట్టుకున్నాను. నర్సును కేకేశాను. వాళ్ళు వచ్చారు, మంచానికి పరదా అడ్డం పెట్టారు, చేయవలసినవన్నీ చేశారు. చేస్తున్నంతసేపూ ఆ తొంభై మూడు అలాగే ఉంది. చివరికి డాక్టరమ్మే వెళ్ళి వెనక స్విచ్ నొక్కింది. ఆ అంకె ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఎవరూ చెప్పలేకపోయారు.

డాక్టరమ్మ మరుసటి రోజే ఆ వార్డులోని మానిటర్లన్నీ ఊడదీయించి షెడ్డుకు తిప్పి పంపింది. యజమాని దండ తీసుకుని ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, నేను కూర్చోమనేదాకా నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు. జనగామ ఇంజనీరు మాత్రం మేనత్త గదిలోకి వెళ్ళి, ఖాళీ కుర్చీ ముందు కాసేపు నేల మీద కూర్చుంది. వెళ్ళేటప్పుడు, "వరుస మెయిన్ కోడ్‌ల వెట్టిన సార్. ఎవ్వల్నీ అడగలె," అంది. యజమాని దాన్ని ఆ వారమే తీయించాడని తర్వాత ఆమే ఫోన్ చేసి చెప్పింది. అప్పటికి నేను ఉద్యోగం మానేశాను. కొనేవాళ్ళకు అంతా వివరంగా రాశాను. సంబంధిత విభాగానికి పంపామని ఒక వాక్యం వచ్చింది.

వానలు తగ్గకముందే కంపెనీ అమ్ముడుపోయింది. షెడ్డు, బల్లలు, సీలు చేసిన వెర్షన్, నర్సింగ్ హోమ్ తిప్పి పంపిన మానిటర్లు, అన్నీ కలిపి అమ్మారు.